చిన్నాన్న సిల్లంగి పుస్తకాలు

టెక్కలిలో సెల్‌ఫోన్ బాగుచేయించుకుందామని వెళ్ళి నిలబడ్డానా, కొట్టతను సోల్డరింగ్ పెట్టగానే గుగ్గిలంలాంటి సన్నటి పొగ ముక్కుకు తగిలింది. చిన్నాన్న గుర్తొచ్చాడు, వెనకే కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు, చల్లారాలని నాకు లేదు కూడా.

కవిటి దగ్గర మా ఊళ్ళో ఎండాకాలమంటే పులిసిన జీడిపళ్ళ వాసన, పనసతొనలు ఒలిచి ఒలిచి జిగురంటిన చేతులు, మధ్యాహ్నం చల్లటి చోడంబలి, నంజుకోవడానికి ఉల్లిపాయ. పిల్లలంతా తోటలో జీడిపిక్కలతో ఆడుకుంటుంటే నేను మాత్రం చిన్నాన్న గదిలో పీట మీద చెంచాతో టిక్కుటిక్కుమనిపిస్తూ మోర్స్ అనే తంతి భాష నేర్చుకునేదాన్ని. మా నాన్నకు తమ్ముడాయన. పెళ్ళి మాటెత్తితే బయటికి జారుకునేవాడు. హామ్ రేడియో అంటే ఊళ్ళో ఎవరికీ తెలియని రోజుల్లో, ఇంట్లోనే ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని దేశదేశాల వాళ్ళతో మాట్లాడాలని, అందుకు సర్కారు పరీక్ష నెగ్గి లైసెన్సు తెచ్చుకోవాలని ఆయన పట్టు. పుస్తకాలు ఇక్కడెక్కడ దొరుకుతాయి? పలాసలో రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి, పాత పుస్తకాల కొట్లలో అట్టలూడిన ఇంగ్లీషు పుస్తకాలు ఏరుకొచ్చేవాడు. తడిసి అతుక్కుపోయిన పేజీలను ఆవిరి పట్టి విడదీసి, నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో వాక్యం నాకు తెలుగులో చెప్పేవాడు. నాకు అర్థమైతేనే తనకు అర్థమైనట్టు.

"సూడే గుంటా, సుక్కలూ గీతలూ లెక్కెట్టకు. పాటలాగ ఇను," అనేవాడు.

రెండు కొబ్బరిచెట్ల మధ్య రాగితీగ కట్టి, దాని కొస తనే సోల్డరింగ్ పెట్టి చేసుకున్న రిసీవరుకు తగిలించాడు. వాన వెలిసిన పొద్దుటిపూట ఎక్కడివాళ్ళవో కూతలు అందులో వినిపిస్తే మా ఇద్దరికీ తిండి గుర్తుండేది కాదు.

ఒక ఏడు తోటలకు నల్లి పట్టి పిందెలు జలజలా రాలాయి. మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి పోతే పొయ్యి ఆరినట్టే. దేన్నో ఒకదాన్ని అనాలి కదా, చిన్నాన్న తీగ కనబడింది. అంతలో ఎవరో గదిలోకి తొంగిచూసి, తెరిచివున్న పుస్తకంలో సర్క్యూటు బొమ్మ చూశారు. గీతలు, సున్నాలు, త్రిభుజాలు, పక్కన తెలియని అక్షరాలు. భూతవైద్యుడు రాగిరేకు మీద గీసే యంత్రమూ అచ్చం అలాగే ఉంటుంది. సాయంత్రానికల్లా ఊరంతా ఒకటే మాట, చిన్నాన్న సిల్లంగి పెడుతున్నాడని. చేతబడిని మా వైపు అలా అంటారు. ఆ మాట పడ్డ మనిషిని చెట్టుకు కట్టి కొట్టిన ఊళ్ళున్నాయి.

అందరికంటే పెద్దవాడు పెదనాన్న, కాలేజీ చదువు చదివినవాడు, ఊళ్ళో ఆయన మాటే మాట. అరుగు మీద నిలబడి ఒక్కమాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. తీగ కోయించాడు, పుస్తకాలన్నీ కళ్ళంలో కుప్ప పోయించి తనే అగ్గిపుల్ల గీశాడు.

"పరీచ్చ దగ్గరకొచ్చింది అన్నయ్యా. ఆ లావుపాటిదొక్కటీ ఉంచు," అన్నాడు చిన్నాన్న. అది కూడా ఉంచలేదు. ఆ తరవాత ఆయన పుస్తకాల కోసం రైలెక్కలేదు, పరీక్షకూ వెళ్ళలేదు. ఉద్దానంలో ఎందరినో తిన్న కిడ్నీ జబ్బే చివరికి ఆయన్నీ తినేసింది గానీ, నన్నడిగితే ఆయన ప్రాణం పోయింది కళ్ళంలోనే.

ఇప్పుడా పుస్తకాలు ఫోనులో ఊరికే దొరుకుతున్నాయి, పరీక్ష ప్రశ్నలు జవాబులతో సహా. తీగ కట్టిన చెట్లు తుపానుకు కూలిపోయాయి. చిన్నాన్న గదిలో ఎరువుల బస్తాలు పెట్టారు. నా చెవికి మోర్స్ పట్టుబడటం ఎప్పుడో పోయింది.

నిరుడు చిన్నాన్న తద్దినం నాడు, భోజనాల దగ్గర పెదనాన్న చుట్టాలకు గొప్పగా చెబుతున్నాడు: "మా తమ్ముడు ఆ రోజుల్లోనే రేడియో సైంటిస్టు. గాల్లో మాటాడే సదువు సదివాడు."

ఒళ్ళు మండిపోయింది నాకు. "ఆ సదువు తగలెట్టింది నువ్వే కదా పెదనాన్నా. సిల్లంగి కాదని తెలీదేటి నీకు?"

ఆయన గారె తుంచుకుంటూ, "తెలీకేటమ్మా. ఆ ఏడు ఎలచ్చన్లకి నిలబడ్డాను కదా. ఊరికి ఎదురెల్తే ఓట్లెవులేత్తారు?" అన్నాడు.

ఊరికి తెలియదు, ఊరిని నేనెప్పుడో క్షమించేశాను. విస్తరి ముందునుంచి లేచి చెయ్యి కడుక్కున్నాను. మళ్ళీ పెదనాన్న గడప తొక్కలేదు.