ఎర్ర దారం ఊడిన తీగ

మలికిపురం దగ్గర కొబ్బరిపీచు తాళ్ళ మిల్లులో తాడు పేనే యంత్రానికి తీగలు కలిపింది నేనే. ఎనభైల చివరి మాట. మిల్లు యజమాని మా చర్చి సంఘంలో పెద్ద. పాత యంత్రానికి ఆయన రెండు కొత్త మోటార్లు తెప్పించారు. ఒకటి తాడు పేనడానికి, ఒకటి దాన్ని పెద్ద రీలుకు చుట్టడానికి. రెండూ కలిసి నడిచేలా చూసేది కంట్రోలర్ పెట్టె. అది పంపే సన్నటి సంకేతాన్ని మోటారు తిప్పేంత బలంగా మార్చేవి యాంప్లిఫయర్లు, మోటారుకొకటి.

మోటారు నుంచి రెండు తీగలు యాంప్లిఫయరుకు తిరిగి వస్తాయి. ఎంత వేగంగా తిరుగుతున్నదీ దానికి తెలిపేవి అవే. అవి తారుమారైతే, మోటారు పరుగెత్తే కొద్దీ యాంప్లిఫయర్ ఇంకా తోస్తుంది.

అమలాపురంలో ఆ వారం రెంటికీ నల్ల రంగు తీగే దొరికింది. పేనే మోటారు పని ముగించి, రీలు మోటారు తీగల్లో ఒకదాని కొసకు గుర్తుగా ఎర్ర దారం కట్టి, పొద్దున బిగించవచ్చని ఇంటికెళ్ళాను.

మర్నాడు పదింటికి ప్రతిష్ఠ ప్రార్థన. నేను వెళ్ళేసరికి యంత్రాన్ని తుడిచి బంతిపూలు కట్టారు. దారం లేదు. యజమాని తల్లి, మేమంతా అమ్మమ్మగారనే పెద్దావిడ, సంతోషంగా ఎదురొచ్చారు.

"ఎవరో దిష్టికి దారం కట్టేరు బాబూ. దేవుడి బిడ్డల మిల్లులో తాయెత్తులేంటి? తెంపి పొయ్యిలో పడేసేను."

తాయెత్తులు కట్టుకోవద్దని సండేస్కూల్లో పిల్లలకు చెప్పేవాణ్ణి నేనే. ఆ దారం నాదని చెప్పకుండా మోటారు దగ్గరకు నడిచాను. మోటారు మూత విప్పి మీటరు పెట్టి చూస్తే ఏ తీగ ఏదో తేలుతుంది. పావుగంట కావాలని యజమానినడిగాను.

"పాస్టరయ్యగారొచ్చేసేరండి. జనం నిలబడిపోయేరు. కానిచ్చెయ్యండి."

తప్పితే ఏమవుతుందో ఆయనకు చెప్పలేదు. పని రానివాణ్ణనుకుంటారని భయం. రెండు తీగలూ చేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకుని, తోచినట్టు బిగించేశాను. దాన్ని విశ్వాసమనుకున్నాను.

మా సంఘంలో కొత్త వస్తువేదొచ్చినా దానిమీద చేతులుంచి ప్రార్థిస్తాం. ఆమేన్ అంటూనే పాస్టరుగారు పచ్చ బటన్ నొక్కాలని యజమాని ఏర్పాటు. అందరూ యంత్రం చుట్టూ చేరి చేతులు పెట్టారు. కళ్ళు తెరిచి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. అమ్మమ్మగారు రీలు అంచును గట్టిగా పట్టుకున్నారు. ఆ అంచుకూ ఇనపచట్రానికీ మధ్య బెత్తెడు సందు కూడా లేదు. యాంప్లిఫయర్ల మీద చిన్న దీపాలు వెలుగుతున్నాయి. ప్రార్థన చివరికొస్తోంది. పాస్టరుగారి వేలు బటన్ మీదకి చేరింది.

ప్రార్థన మధ్యలో నోరు తెరవడం మాలో లేదు.

"అయ్యగారూ, చేతులు తీసెయ్యమనండి."

ఎవరూ కదల్లేదు. నేను వెళ్ళి అమ్మమ్మగారి మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాను. అది చూసి మిగతావాళ్ళూ జరిగారు. పాస్టరుగారు నావైపొకసారి చూసి, మెల్లగా ఆమేన్ అని బటన్ నొక్కారు.

రీలు ఒక్క క్షణం తటపటాయించి వెనక్కి తిరిగింది. తర్వాత ఆగలేదు. కూత పెరుగుతూ పోయింది. బంతిపూలు ముక్కలై గోడకు కొట్టుకున్నాయి. నేను మెయిన్ స్విచ్ లాగేసరికి చట్రం బోల్టు ఒకటి ఊడి నేలమీద దొర్లుతోంది.

ఎవరో స్తోత్రం అన్నారు. దేవుడు నాకు ముందే చూపించాడన్నారు. ఆదివారం సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు అడిగారు.

చెప్పాను. దారం కట్టిన సంగతి, అది పోయిన సంగతి, చివరి క్షణంలో నా నోరు తెరుచుకున్న సంగతి. ఏ తీగ ఏదో తెలియకుండానే బిగించానన్నది మాత్రం వదిలేశాను. సంఘమంతా హల్లెలూయా అంది. ముందు వరసలో అమ్మమ్మగారు దారం తెంపిన తన రెండు చేతులూ కొంగుకింద దాచుకుని తల వంచుకున్నారు.