ఇంటిపేరు దగ్గర ఆగిన మొక్క

మా పాప ఒక్క పూట బతికింది. తొలకరి వానల్లో తిరువూరు సమాధుల దొడ్డిలో పల్లపు మూలన పాతిపెట్టాం. మెరక మీద చోటు లేదన్నారు. పక్క పొలాల ఊట ఆ మూలకే చేరి నీళ్లు నిలిచేవి.

మా సంఘంలో పేరు బాప్తిస్మంతోనే పెడతారు. "పేరు పెట్టి పంపిద్దామండీ" అని నా భార్య మంచం మీంచి అడిగింది. వెళ్లి చర్చి అయ్యగారిని అడిగాను.

"బాప్తిస్మం లేకుండా పేరెలా పెడతామండి? ప్రభువు ఎరుగును" అన్నారాయన.

ప్రభువు ఎరుగునన్నది నిజం. ఆ వాక్యాల మధ్యే పెరిగినవాణ్ణి, తలవంచి ఒప్పుకున్నాను. వడ్రంగి కర్ర సిలువ మీద మా ఇంటిపేరు ఒక్కటే రాశాడు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

సెప్టెంబరులో ఆమె మొదటిసారి సమాధి దగ్గరకు వచ్చింది. సిలువ చుట్టూ బురదలో లేతాకుపచ్చ మొక్కలు గుబురుగా లేచాయి.

"ఏంటండీ ఈ మొక్క? పాప మీదంతా ఇదే."

"ఫెర్న్."

"అన్నిటినీ అదే అంటారుగా. దీని పేరేంటి?"

డెబ్బైల మధ్య మాట ఇది. నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేవాణ్ణి. అయినా నాకు తెలియలేదు. ఇంతకాలం తర్వాత ఆమె నన్ను అడిగింది అదొక్కటే. ఎలాగైనా చెప్పాలనుకున్నాను.

ఆకులు రెండు రకాలున్నాయి. కొన్ని వెడల్పుగా నీటి మీద పరుచుకున్నాయి. కొన్ని సన్నగా, జింక కొమ్ముల్లా చీలి నిటారుగా నిలబడ్డాయి. రెండు మొక్కలనుకొని నొక్కి ఆరబెట్టి, రెండు హెర్బేరియం షీట్ల మీద విడివిడిగా అతికించాను. తర్వాత ఒక కుదురు పెకలించి బురద కడిగితే, అన్నీ ఒకే మొదలు నుంచి వచ్చినవే. సన్నాకుల అంచులు లోపలికి ముడుచుకొని ఉన్నాయి. ఫెర్న్‌కు పువ్వూ గింజా ఉండవు. ధూళి లాంటి సిద్ధబీజాలను ఆ మడతలోనే దాచుకుంటుంది.

అక్టోబరు చివర ఆ షీట్లు పట్టుకొని బస్సులో విజయవాడ వెళ్లాను. నాకు డిగ్రీలో చదువు చెప్పిన మాస్టారు లెన్సుతో చాలాసేపు చూశారు.

"ఏవయ్యా, సెరటోప్టెరిస్. ప్రజాతి వరకూ అనుమానం లేదు. జాతి మాత్రం చెప్పలేను. సిద్ధబీజాలు ఇంకా పచ్చివి."

"అంటే సార్..."

"ఇంటిపేరు దొరికింది, సొంత పేరు దొరకలేదు. నీళ్లు తగ్గాక ముదురుతుంది, అప్పుడు పట్టుకురా. పెళ్లికూతురా ఏంటి, పేరు కోసం ఇంత కంగారు పడతావు!"

ఆయనకు మా సంగతి తెలియదు. నవ్వాననుకుంటాను.

ఇంటికి రాగానే ఆమె అడిగింది. "తెలిసిందా?"

"ఇంటిపేరు తెలిసింది."

చేతిలో గిన్నె అలాగే పట్టుకొని నిలబడింది. "దానికీ అంతేనా" అంది.

నవంబరు మొదట్లో సమాధుల పండుగ. అంతకుముందు సంఘం మగవాళ్లంతా పారలతో దొడ్డి బాగుచేసి, సమాధులకు సున్నం వేస్తారు. ఆ సాయంత్రం కాలేజీ విడిచాక నేనూ వెళ్లాను. సంఘపెద్ద గేటు దగ్గరే ఎదురయ్యాడు.

"మాస్టారూ, మీ పాప దగ్గర తుక్కు మోకాలెత్తు పెరిగిందండి. నేనే దగ్గరుండి పీకించాను. రండి, చూద్దురుగాని!"

బురద చదును చేసి సున్నంతో గీత గీశారు. పీకిన మొక్కలు గోడ పక్కన పొగలు కక్కుతున్నాయి. పచ్చివి కాబట్టి మంట రావడం లేదు. ఒక్క ఆకు కూడా మిగల్లేదు.

"చాలా శుభ్రంగా ఉందండి. వందనాలు" అన్నాను.

"మళ్లీ వానలకు వస్తుంది. దాని ధూళి బురదలోనే ఉంటుంది" అని ఇంటికి వెళ్లి ఆమెకు చెప్పాను. అది శాస్త్రమే. కానీ ఎండాకాలంలో సంఘం బండ్లతో ఎర్రమట్టి తోలించి ఆ పల్లం పూడ్చింది. వానలు వచ్చాయి. నీళ్లు నిలవలేదు. ఆ మొక్క మళ్లీ రాలేదు. కాలేజీ బీరువాలో ఆ షీట్ల మీద జాతి అన్నచోట పెన్సిలుతో పెట్టిన చుక్కలు అలాగే ఉండిపోయాయి. మాకు మళ్లీ పిల్లలు పుట్టలేదు.

పండుగ రోజు కొవ్వొత్తుల వెలుగులో అయ్యగారు నిద్రించినవారి పేర్లు ఒక్కొక్కటే చదువుతారు. మా దగ్గరకు వచ్చేసరికి ఇంటిపేరు చదివి, క్షణం ఆగి, తర్వాతి పేరుకు వెళ్లేవారు. ఆ ఆగినచోట నా భార్య పెదవులు కదిలేవి. పక్కనే నిలబడినా, ఆమె ఏమన్నదో నాకు వినపడేది కాదు.