రెండో మిస్ వస్తే ఇంటికే

ఒకటో తరగతి ఉద్యోగాన్ని ఇద్దరు టీచర్లు చెరో పూటా పంచుకోవచ్చా అని మొన్న మా కోడలు అడిగింది. తన స్కూల్లో దాని మీద పెద్ద చర్చట. పంచుకోకపోతే నేనసలు టీచర్‌నే అయ్యేదాన్ని కాదన్నాను.

చమురు డబ్బుతో దోహా మేడ మీద మేడ లేపుతున్న కాలమది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లాను వాటాలు చేసి అద్దెకిచ్చేవారు. ఒక వాటాలో మేము, పక్క వాటాలో హైదరాబాద్ నుంచి వచ్చిన ముస్లిం దంపతులు. మాది తెనాలి వైపు. ఆమెకూ నాకూ చంటిపిల్లలు. ఇద్దరం టీచర్ ట్రైనింగ్ అయినవాళ్లమే, ఇద్దరికీ బిడ్డను చూసే దిక్కు లేదు. ఇండియన్ స్కూల్లో ఒకే ఒక్క ఖాళీ ఉందని తెలిసి, కలిసి వెళ్లి, ఆ ఒక్కటీ ఇద్దరికీ ఇమ్మని అడిగాం.

"ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా?" అన్నారు మా ఆయన.

"ఉల్లిపాయలు తరిగే కత్తులం, ఇముడుతాం," అన్నాను.

చిన్నపిల్లలు తికమకపడతారని ప్రిన్సిపాల్ మేడమ్ భయం. ఒక టర్మ్ చూస్తాననీ, తల్లిదండ్రుల్లో ఒక్కరు వద్దన్నా ఆపేస్తాననీ చెప్పి ఒప్పుకుంది. ఆపేస్తే ఇద్దరిలో ఒకరు ఇంటికి పోవాల్సిందే.

పొద్దున నేను. ఇంటర్వెల్‌కి ఆమె భర్త తన కంపెనీ పికప్‌లో ఆమెనూ పిల్లలిద్దరినీ గేటు దగ్గరికి తెచ్చేవాడు. ఆమె దిగేది, నేను ఎక్కేదాన్ని, చంటివాళ్లు నా ఒళ్లోకి వచ్చేవారు. "మూడో బెంచీ వాడికి కడుపునొప్పి, తీసివేతలు సగంలో ఆగాయి," అంటూ ఆ కాస్తలోనే అప్పగింతలు. "యల్లా, యల్లా!" అని తొందరపెడుతూ ఆయన హారన్ కొట్టేవాడు.

మా క్లాసులో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక ఫోర్‌మన్ కూతురుండేది. కొత్తలో బడి వదిలేదాకా ఏడుపే. కొన్నాళ్లకు తనంతట తానే మానేసింది. అంతా నా చలవే అని లోలోపల మురిసిపోయాను.

ఇంతలో రంజాన్ వచ్చింది. ఉపవాసంతో ఎండపూట కష్టమని ఆమెను పొద్దున వెళ్లమన్నాను, ఇంటర్వెల్ తర్వాత నేను వెళ్తానన్నాను. మొదటిరోజు పికప్ గేటు ముందు ఆగేసరికి బయట గోడ నీడలో ఆ పిల్ల కూర్చుని ఉంది. భుజాన సంచీ, చేతిలో నీళ్ల సీసా. ఎదురుగా రోడ్డు మీద సిమెంటు లారీలు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇక్కడేం చేస్తున్నావమ్మా?"

"రెండో మిస్ అచ్చింది గద. ఇగ ఇంటికే," అంది. నన్ను చూసి మాత్రం, ఈవిడ మళ్లీ ఎందుకొచ్చిందన్నట్టు మొహం మాడ్చుకుంది.

అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు. ఆ పిల్లకు గడియారం చూడటం రాదు. నేనుంటే బడి ఇంకా చాలా ఉన్నట్టు, ఆమె వస్తే ఇల్లు దగ్గరపడినట్టు. ఏడుపు మానింది ఆ ధైర్యంతోనే. మేమేమో పూటలు మార్చుకున్నాం, ఆ సంగతి పిల్లలకు చెప్పాలని ఇద్దరికీ తట్టలేదు.

మర్నాడు తండ్రి డ్యూటీ బట్టలతోనే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ప్రిన్సిపాల్ మేడమ్ మా ఇద్దరినీ పిలిపించింది. ఆయన ఆవిడకు హిందీలో చెప్పుకుని, మా వైపు తిరిగాడు.

"పోరి రోడ్డు మీద దొరికిందంటె నా పానం పోయినంత పనైంది. ఇద్దరు అద్దు మిస్, ఒక్కలే ఉండుండ్రి."

ఆయన కోపంలో తప్పేమీ లేదు. పక్కనే నిలబడ్డ ఆమె నా చెయ్యి పట్టుకుంది. మానాల్సి వస్తే నేనే మానాలి అనుకున్నాను. ఆమె కూడా అదే అనుకుంటోందని మొహం చూస్తే తెలిసిపోయింది.

ఏ మిస్ కావాలో పిల్లనే అడగమంది ప్రిన్సిపాల్ మేడమ్. ఆవిడ మలయాళీ, తెలుగు రాదు. నేనే అడిగాను.

పిల్ల నా వైపు వేలు చూపించింది. "ముందుగాల గీ మిస్." తర్వాత ఆమె వైపు. "ఎన్క గా మిస్." వేలు దించేసి, "ఎన్క అమ్మ," అంది.

ఇంగ్లీషులో చెప్పబోయి సగంలో ఆగిపోయాను. మిగతా సగం ఆమె చెప్పింది.

తండ్రి కూతురి భుజాన సంచీ సరిచేశాడు. "గట్లనే ఉండనియ్యుండ్రి మిస్. గేటుకు గొళ్లెం పెట్టుండ్రి, సాలు," అని, మేడమ్‌కూ అదే హిందీలో చెప్పాడు.

కనీసం రంజాన్ అయ్యేదాకా పొద్దుటి పూట తీసుకొమ్మని ఆమెను బతిమాలాను. పిల్లలకు చెప్పే మార్చుకుందామన్నాను. వినలేదు. ఎండిన పెదవులతో ఎండలో పికప్ దిగి, "గడియారం ఉల్టా తిరగొద్దు కదా అక్కా," అంటూ తన బిడ్డను నా ఒళ్లో పెట్టి లోపలికి నడిచింది. గుమ్మంలో ఆ పిల్ల మొహం విప్పారడం నాకు పికప్‌లోంచే కనిపించింది.

నన్ను చూసి ఆ పిల్ల ఎప్పుడూ అలా నవ్వలేదు. రెండో మిస్ రావాలంటే ముందు మొదటి మిస్ ఉండాలి కదా అని సరిపెట్టుకున్నాను.