జట్టులోకి తీసుకోని మేనల్లుడు

మావయ్య పోయారని రాజమండ్రి నుంచి ఫోనొచ్చేసరికి నేను బ్యాంకులో ఉన్నాను. పొద్దున్నే గోదావరి గట్టు మీద నడిచి వచ్చి, చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే కూలిపోయారట. ఫోను పెట్టేసి, ఏం చేయాలో తోచక కౌంటరు వెనక అటూ ఇటూ తిరిగాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన్ని అడగాల్సిన మాట ఒకటి ఇంకా ఉండిపోయింది. తేల్చకుండా ఇలా వెళ్ళిపోవడమేంటి అనిపించింది.

మీలో చాలామందికి ఆయన పేపర్లో వేసిన చిన్న ఫొటోగానే తెలుసు. దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడి, తర్వాత అదే జట్టుకి కోచ్ అయిన ఆ మనిషి మా అమ్మకి స్వయానా తమ్ముడు. తణుకు పక్క పల్లెలో, కోతలయ్యాక ఎండిన చేలల్లో, వట్టి కాళ్ళతో ఆట నేర్చుకున్నారు. వరి మోళ్ళు గుచ్చుకుంటాయని కాలు నేలకి ఆననివ్వకుండా పరిగెత్తడం అలవాటైందని, హైదరాబాదులోనూ కలకత్తాలోనూ తనకి అన్నం పెట్టింది ఆ పరుగేనని చెప్పేవారు. ఆయన కాలికి బంతి అందితే కలకత్తాలో జనమంతా లేచి నిలబడేవారట. మా తణుకులో మాత్రం క్షవరం చేసే ఆయన, "ఇండియాకి ఆడారంట గదండీ, బ్యాటింగా బౌలింగా?" అని అడిగాడు. మావయ్య ఏమాత్రం నొచ్చుకోకుండా "పరుగండీ" అన్నారు.

కూర్చోవడం చేతకాని మనిషి. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడేవారు. పెళ్ళి భోజనాల్లో విస్తట్లో పప్పు పడేలోపే లేచి, వడ్డించేవాళ్ళ చేతిలో బకెట్టు లాక్కునేవారు. "కాసేపు కుదురుగా కూచోరా, కాళ్ళకి చక్రాలేమైనా ఉన్నాయా?" అని అమ్మ కసురుకునేది. "కూచుంటే మోకాళ్ళు గుర్తొస్తాయక్కా" అనేవారు. మ్యాచ్ చూడటమూ నడుస్తూనే. అదీ బంతిని కాదు, బంతికి దూరంగా ఉన్నవాళ్ళని. "బంతిని చూడ్డానికి జనం ఉన్నారు కదరా. మిగతావాళ్ళని మనమే చూడాలి" అనేవారు.

నాకు ఆట నేర్పింది ఆయనే. సెలవులకి వచ్చినప్పుడల్లా నన్ను చేలోకి లాక్కెళ్ళి, కుడికాలు వాడావంటే ఊరుకోనని బెదిరించి, ఎడమకాలితో తన్నించేవారు. కాలేజీ జట్టు, యూనివర్సిటీ జట్టు దాటి రాష్ట్ర జట్టులో ఎడమ పక్క బ్యాక్ అయ్యాను. తొంభైల్లో ఆయన జాతీయ జట్టుకి కోచ్‌గా ఉన్న రోజుల్లోనే నాకు శిక్షణ శిబిరానికి పిలుపొచ్చింది. పిలిచింది సెలెక్టర్లు, ఆయన కాదు. ఆ సంగతి ఊళ్ళో ఎవరికి చెప్పినా నవ్వేవారు. "మేనమామే కోచ్చంటే ఇంకేం బాబూ, సీటు రిజర్వేషనైపోయినట్టే!" అనేవారు. అమ్మ ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి, శిబిరంలో అందరికీ పంచమని ఇచ్చి పంపింది.

శిబిరం చివరి రోజున గ్రౌండులో మమ్మల్నందర్నీ నిలబెట్టి మావయ్య పేర్లు చదివారు. నా పేరు రాలేదు. చదవడం అయ్యాక ఆయన నా వైపు చూడకుండానే గబగబా నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి అమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. ఆయన రావడం మాత్రం మానలేదు. కాఫీ గ్లాసు అరుగు మీద ఠక్కున పెట్టి లోపలికి వెళ్ళిపోయేది అమ్మ. ఆయన అరుగు ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తూ తాగి, "కాఫీ బావుందక్కా!" అని వంటింటి వైపు కేకేసేవారు.

ఆ ఏడాది జట్టు ఓడిపోయి వచ్చింది, ఆయన్ని తీసేశారు. సొంత మేనల్లుడి ఉసురు తగిలిందన్నారు ఊళ్ళోవాళ్ళు. ఛీ, అవేం మాటలు! కానీ నా బాధ నాకుంది. నా ఆట చాలలేదా, లేక మేనల్లుణ్ణన్న ఒక్క కారణంతో వదిలేశారా? రెండిట్లో ఏదైనా ఫరవాలేదు, ఏదో ఒకటి తెలిస్తే చాలు. అన్నం తింటున్నా అదే, బ్యాంకులో సంతకాలు పెడుతున్నా అదే.

చెల్లి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తేవాల్సింది మేనమామ. అమ్మకి ఉన్నది ఒక్కడే తమ్ముడు. తను వెళ్ళకుండా నాన్నని పంపి పిలిపించింది. బుట్ట ఒక పక్క ఆయన, ఇంకో పక్క నేను పట్టుకున్నాం. తలంబ్రాలయ్యాక చూస్తే ఆయన దొడ్లో వంటల గాడిపొయ్యి చుట్టూ తిరుగుతున్నారు. ఇక ఆగలేక అడిగేశాను.

"మావయ్యా, ఒక్కటి చెప్పండి. నేను మీ మేనల్లుణ్ణి కాకపోయుంటే తీసుకునేవారా?"

నడక ఆపారు. "తెలీదురా."

"తెలీకపోవడమేంటండీ? కోచ్ మీరేగా!"

"మిగతావాళ్ళు తప్పు చేస్తే తప్పు కనపడేది. నువ్వు చేస్తే అక్క కనపడేది. నువ్వు బాగా ఆడినా అక్కే కనపడేది. శిబిరమంతా చూశాను, నీ ఆట నాకు కనపడలేదురా. నేను చూడలేనివాణ్ణి జట్టులోకి ఎలా తీసుకోను?"

"ఆ ముక్క అమ్మకి చెప్పొచ్చుగా!"

"ఏమని? నీ కొడుకు ఎలా ఆడతాడో నాకు తెలీదనా? ఇండియా కోచ్‌ని. నవ్విపోదూ!" అని మళ్ళీ నడక మొదలుపెట్టారు.

ఆ జవాబుతో నాకు నిద్ర పట్టిందేమీ లేదు. అయినా అంత నిజం నాతో ఇంకెవరూ చెప్పలేదు. ఈ ఉద్యోగం ఆటల కోటాలో వచ్చింది. అంటే ఆయన నేర్పిన ఎడమకాలు పెట్టిన భిక్షే. చెయ్యెత్తి మొక్కుతాను. మొక్కుతూనే, ఏళ్ళు గడిచాక ఇప్పుడైనా ఆయనకి తెలిసిందేమో, ఇంకోసారి అడగాలి అనుకుంటూ ఉండిపోయాను.

కర్మకాండలన్నీ అయ్యాక అమ్మ నన్ను అడిగింది. "పెళ్ళినాడు గాడిపొయ్యి దగ్గర ఏంట్రా మీ ఇద్దరికీ అంతసేపు?"

ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"వెధవ," అంది అమ్మ. "ఈ ముక్క నాతో అంటే ఏం పోయింది వాడికి? నేనేమైనా ఫుట్‌బాల్ పండితురాల్నా? నిన్ను పనికిరావనుకున్నాడని కదరా ఇన్నేళ్ళూ నా కోపం!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తమ్ముడి కోసం ఆవిడ ఏడవడం అప్పుడే చూశాను.

మొన్న ఆదివారం టీవీలో మన జట్టు ఆడుతోంది. జన్మలో ఫుట్‌బాల్ చూడని అమ్మ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. కాసేపు చూసి, "తీసుకునుంటే నువ్వెక్కడ నిలబడేవాడివిరా?" అంది.

లేచి వెళ్ళి తెర మీద ఎడమ పక్కన వేలు పెట్టాను. ఇక్కడమ్మా అనేలోపే బంతి అవతలి వైపు పోయింది, దాంతోపాటు బొమ్మా జరిగిపోయింది. నా వేలి కింద ఎవరో కుర్రాడి వీపు, ఆ తర్వాత వట్టి గడ్డి. చెయ్యి తీసేయబోయాను.

"ఉండు, తియ్యకు," అంది అమ్మ, కుర్చీ అంచుకి జరిగి తెర వైపు వంగుతూ. "మళ్ళీ ఇటే వస్తుందిగా."