రాయి వేడి చూసే మనిషి

కొండల అంచున నేల లోపలికి తవ్వుతున్న సొరంగంలో రాయి వేడి చూడడమే ఆయన పని. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. తలుపు గడియైనా, మనవరాలి నుదురైనా అరచేత్తో కాదు, చేతి వెనకతో తాకుతాడు. మహా నెమ్మదస్తుడు. ఆయన తింటుంటే చూసేవాళ్ల ఆకలి చచ్చిపోతుంది. రాయి దగ్గరా అంతే. బెజ్జం వేసేటప్పుడు పోసిన నీళ్లకి రాయి చల్లబడుతుంది, దాని అసలు వేడి లోపల్నుంచి తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది. అందాకా బెజ్జంలో థర్మామీటరు పెట్టి, గోడకి వీపు ఆనించి కూచుంటాడు. రాయి మరీ వేడిగా ఉందంటే దాని వెనక మరిగే నీళ్లు పొంచి ఉన్నట్టే. అప్పుడిక ఎవరూ తవ్వకూడదు.

ఆ రోజు మేస్త్రీ ఊరుకోలేదు. "ఎంతసేపయ్యా, రాయికి జోల పాడుతున్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు. తవ్వే జట్టులో ఉన్న అల్లుడు కూడా నవ్వి, "తీసెయ్యండి మావయ్యా, పని తొందరగా అయితే తొందరగా ఇంటికొస్తాం" అన్నాడు. అల్లుడి మాట కాదనలేక థర్మామీటరు ముందే తీశాడు. వేడి తక్కువే చూపించింది. "తవ్వుకోండి" అని చెప్పి వచ్చేశాడు. కంచం ముందు కూచున్నాడే గాని ముద్ద దిగలేదు. "కూర బాలేదా నాన్నా?" అంది కూతురు. చెయ్యి కడిగేసుకుని, చెప్పులేసుకుని మళ్లీ సొరంగం దారి పట్టాడు. ఎప్పుడూ కాళ్లు జిల్లుమనిపించే ఊటకాలవ, సొరంగం నోట్లోంచి పొగలు కక్కుతూ పారుతోంది. "బాబూ, బయటికి రండిరా!" అని గొంతు చించుకుని అరిచాడు. ఆ కేకే లోపల గోడలకి కొట్టుకుని తిరిగొచ్చింది. దాని వెనక ఇంకెవరి గొంతూ రాలేదు.