ఎడమ కంటి సర్దారు

లోకానికంతటికీ ఒకే కన్నై, ఆ ఒక్క కంటితోనే తూర్పు పడమరలను సమంగా చూసే వెలుగు దైవానికి ముందుగా నమస్కరించి, రెండు కన్నులుండీ ఒక కంటి మాటే విన్న మా తమ్ముని వృత్తాంతం వ్రాయబూనుతున్నాను.

సాధారణ నామ సంవత్సరం, ఆశ్వయుజ శుద్ధ దశమి, స్థిరవారం. ఫిజీ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన దినం అదే. సువాలో కొత్త జెండా ఎగురుతున్న సంగతిని రేడియో గద్గదంగా చెబుతుండగా, రాకిరాకి దాపున మా చెరకు తోటలోని ఇంటి వరండాలో మా నాయన ఆయుధపూజ చేస్తున్నారు. చెరకు కత్తులు, పారలు, నాగటి కర్రు, నేను బడిలో వాడే పలకా సుద్దముక్కలూ ఒక పక్క. ఎర్రని గుడ్డ మీద వేరుగా, మా ఇంటి జోడు గొట్టాల తుపాకి. అమ్మ అన్నింటికీ చందనం బొట్టు పెట్టి, దాని నడుమ కుంకుమ అద్దింది. మంత్రాలు ముగిశాక నాయన తుపాకిని రెండు చేతులా ఎత్తి మా తమ్ముని చేతుల్లో పెట్టారు. అప్పటికే ఆయన కన్నులకు శుక్లాలు కమ్ముకొస్తున్నాయి. ఎదుట నిలిచింది ఆవో దూడో తెలియడానికి ఆయన దాని గొంతు వినవలసి వచ్చేది.

ఇంటికి పెద్దకొడుకును నేనే అయినా, తుపాకి నాకు రాకపోవడం న్యాయమే. నేను నాడీ పట్టణం దాపున నమాకాలో బడిపంతులును. వారాంతాల్లో బస్సెక్కి ఇల్లు చేరేవాణ్ణి. తోట తమ్మునిది. ఆ ఏడే అతడు కొండవాలున బీడుపడి ఉన్న ముక్కను కొట్టి, రాళ్లేరి, తన చేతులతో మొట్టమొదటిసారి తనదంటూ చెరకు నాటాడు. ఆ వాలుకు పైన అడవి. అడవి నిండా పందులు. సూర్యుడు వాలే వేళా, పొద్దు పొడిచే వేళా అవి దిగి వచ్చి లేత గడలను వేళ్లతో సహా పెకలించి నమిలి పోయేవి. కంచె కడితే దాని కింద తవ్వేవి. ఆ ముక్క నిలవాలంటే తుపాకి పలకాలి, పలికితే తగలాలి.

తగల్లేదు. ఇదే ఆశ్చర్యం. మా తమ్ముడు చిన్ననాట రాయి విసిరితే కోరిన మామిడికాయే రాలేది. ఎగిరే గువ్వ ఏ జాతిదో రెక్క చప్పుడు వినకముందే చెప్పేవాడు. అటువంటివాడు తుపాకి పట్టగానే ఎదుట పరుగెత్తే పందిని తప్పి, దానికి ఎడమగా దుమ్ము లేపేవాడు. ఇరుగుపొరుగు చెరకు కాపులు నవ్వుకోవడం మొదలుపెట్టారు. మా తమ్ముడు కాపలా కాస్తున్నాడని తెలిస్తే పందులు పిల్లల్ని కూడా వెంటబెట్టుకు వస్తాయని ఒకడన్నాడట. ఆ మాట మా తమ్ముడే నాకు చెప్పి, తానూ నవ్వి, ఆ పూట అన్నం సరిగా తినలేదు.

ఒక ఆదివారం ఉదయం అతడు తుపాకిని అరుగు మీద ఆనించి నా పక్కన కూర్చున్నాడు. "అన్నా, నువ్వు సదువుకున్నోడివి. సెప్పు. నా కన్ను బాగుంది, బందూకు బాగుంది. గోలీ ఎందుకు ఎడం పక్కకే పోతాది?" అన్నాడు. చదువుకున్నవాడినన్న మాట నిజమే కాని, అమరమూ ఆంధ్ర వ్యాకరణమూ ఆ ప్రశ్నకు బదులు చెప్పేవి కావు.

నాయన లోపలినుంచి విన్నారు. తడుముకుంటూ వచ్చి గడప మీద కూర్చున్నారు. ఆయన కోపిష్ఠి కారు. తూచి మాట్లాడే మనిషి. తగలని తుపాకి ఇంట్లో ఉండడం పందులకు మేలూ మనుషులకు కీడూ అని ఆయన అభిప్రాయం. గాయపడి తప్పించుకున్న పంది చెరకు కోసే కూలీ మీదికి ఉరకవచ్చునని ఆయన భయం. అందుచేత మళ్లీ విజయదశమి వచ్చేదాకా గడువు ఇచ్చారు. అప్పటికీ ఇంతే అయితే మరునాడే పోలీసు ఠాణాలో తుపాకి అప్పగించి, కొండవాలు ముక్కను మళ్లీ పశువుల మేతకు విడవాలి. చెప్పవలసినదంతా చెప్పాక, ఒక్క మాట మాత్రం మెల్లగా అన్నారు.

"నీ మీద నాకు గురి ఉంది నాయనా. నీ గురి మీదే నాకు గురి లేదు."

తెలుగులో గురి అంటే లక్ష్యం. గురి అంటే నమ్మకం. ఒకే మాటను ఆయన రెండంచుల కత్తిలా వాడారు. తమ్ముడు తల వంచుకున్నాడు. అతనికి మా పలుకులో లేని పాత తెలుగు అంతగా పట్టదు. ఈ మాట మాత్రం పట్టింది.

మా పొలం సరిహద్దుకు ఆవల ఉన్న కోరోలో, అంటే ఫిజీవారి పల్లెలో, నాయనకు ఈడైన స్నేహితుడు ఒకాయన ఉండేవాడు. యౌవనంలో మలయాలో సైనికుడిగా పనిచేసి వచ్చినవాడు. మా వాడుక హిందీ మాకంటే తేటగా మాట్లాడేవాడు. నాయనను భయ్యా అని, మా తమ్ముణ్ణి రే అని పిలిచేవాడు. తమ్ముడాయనను కాకా అనేవాడు. సాయంత్రాలు ఆయన మా వరండాలో యంగోనా అనే మత్తు వేరు పొడిని నీళ్లలో కలిపి, కొబ్బరి చిప్పతో వంతులవారీగా తాగుతూ లోకాభిరామాయణం నడిపేవాడు. వేళాకోళం ఆయన సొత్తు. తమ్ముని గురించి ఆయన చాలా రోజులుగా ఒక లెక్క గమనిస్తున్నాడట: కుడినుంచి ఎడమకు పరుగెత్తిన పంది అప్పుడప్పుడు చస్తోంది, ఎడమనుంచి కుడికి పోయినది ఎన్నడూ చావడం లేదు. నీకు కుడికి పోయే పందులంటే అంత ప్రేమ ఎందుకని ఆయన అడిగితే నాయన కూడా నవ్వారు.

నవ్వి ఊరుకోలేదు ఆ పెద్దమనిషి. తమ్ముణ్ణి వరండా అంచున నిలబెట్టి, రెండు చేతులూ చాచి, బొటనవేళ్ల నడుమ చిన్న కంత మిగిలేలా అరచేతులు కలపమన్నాడు. ఆ కంతలోనుంచి దూరాన చెరకు మిల్లు పొగగొట్టాన్ని రెండు కన్నులూ తెరిచి చూడమన్నాడు. చూస్తూనే, పొగగొట్టం కంత దాటి పోకుండా, చేతులను మెల్లగా ముఖం మీదికి తెచ్చుకోమన్నాడు. తమ్ముని చేతులు తిన్నగా వచ్చి ఎడమ కంటి మీద ఆగాయి. నేనూ చేసి చూశాను. నావి కుడి కంటి మీద ఆగాయి.

"ఆంఖ్ తో దూనో ఠీక్ హై, రే," అన్నాడాయన. "బకి బాయాఁ వాలా సర్దార్ హై."

రెండు కన్నులూ బాగానే ఉన్నాయి, కాని ఎడమదే సర్దారు అని. గిర్మిటు కాలంలో, అంటే ఒప్పందపు కూలి రోజుల్లో, కూలీల వరుస వెంట నడుస్తూ అదిలించి పనిచేయించిన మేస్త్రీని సర్దారు అనేవారు. మా తాత వీపు ఆ మాటను మరవలేదు. మనిషికి రెండు కన్నుల్లో ఒకటి సర్దారీ చేస్తుందనీ, లక్ష్యం ఎక్కడుందో తేల్చేది అదేననీ, రెండోది దాని వెంట నడిచే కూలీ అనీ ఆయన వివరించాడు. తమ్ముడు తుపాకి ఆనించేది కుడి భుజానికి. గొట్టం కుడి కంటి కింద ఉంది. దాని కొసనున్న ఇత్తడి గింజను పందితో కలిపి చూసేదేమో ఎడమ కన్ను. అందువల్ల గొట్టం వంకరగా తిరిగి తూటా ఎడమకు పోతోంది. చేయి తప్పు కాదు, చూపు తప్పు కాదు. ఆ రెండింటికీ పొత్తు లేదు.

తమ్ముని ముఖాన ఆ సాయంత్రం నేను చూసిన వెలుగు ఇప్పటికీ నాకు జ్ఞాపకం. తాను చేతకానివాడు కాడని తెలియడం మనిషికి ఎంత ఊరట.

మందు కూడా ఆయనే చెప్పాడు: తుపాకి ఎడమ భుజానికి మార్చుకో. ఇక్కడ మా ఇంటి ఆచారం అడ్డు వచ్చింది. పూజలో నిలిపిన ఆయుధాన్ని ఎడమ చేతి వాటాన ఎత్తడానికి నాయన ఒప్పుకోలేదు. జంధ్యమైనా, ఉత్తరీయమైనా వాటం మార్చి అపసవ్యం చేసేది పితృకార్యానికి. బ్రతికి ఉన్న పంటను కాచే పనికి అది పనికిరాదని ఆయన వాదం. సైనికుడాయన ఎంతో చెప్పి చూశాడు. పందికి శాస్త్రం తెలియదు భయ్యా అన్నాడు. నాకు తెలుసు కదా అన్నారు నాయన. అంతటితో ఆ మాట ఆగింది. నిజానికి తమ్మునికీ మనసొప్పలేదు. రహస్యంగా ఒకసారి ఎడమ భుజానికి ఎత్తి, దేవుని గదివైపు చూసి, వెంటనే దింపేశానని తర్వాత నాతో చెప్పాడు.

ఇక ఎడమ కన్ను మూసి కాల్చడం అభ్యసించాడు. కొయ్య మీద నిలిపిన డబ్బాలు పడేవి. విసిరిన డబ్బాలు పడేవి కావు. ఒక కన్ను మూస్తే దూరమూ వేగమూ తెలియవు. పైగా కన్ను మూయాలన్న ధ్యాసలో అతని చెంప తుపాకి కొయ్యను వదిలి లేచిపోయేది. నెలలు గడిచాయి. చెరకు నడుమెత్తు పెరిగింది. పందులు అడవి అంచునుంచి లోపలికి దారులు చేసుకున్నాయి. నేను ప్రతి వారం బస్సు దిగి కొండవాలువైపు చూసేవాణ్ణి. పచ్చని చేలో మట్టి రంగు మచ్చలు పెద్దవౌతుండేవి.

విరోధికృతు నామ సంవత్సరపు విజయదశమి వచ్చింది. గడువు ఆ రోజుతో సరి. నాయన మాట తప్పే మనిషి కారు. పూజకు ఆయుధాలన్నీ వరండాలో చేరాయి. కాల్చిన చెరకు మసి కంట పడకుండా తమ్ముడు పెట్టుకునే సాదా అద్దాల జోడు ఒకటి ఉండేది. నాడీలో నేనే కొనిచ్చాను. పనిముట్టే కదా అని అమ్మ దానినీ గుడ్డ మీద పెట్టింది. వస్తువుకు ఒక బొట్టు ఆమె లెక్క. అద్దాలు తనవైపు తిరిగి ఉండగా కుడిచేతికి అందిన అద్దానికి, పైన ముక్కు వైపున, చిక్కని చందనం బొట్టు పెట్టింది. ఆమెకు కుడివైపున్న అద్దం పెట్టుకున్నవాడికి ఎడమది.

మధ్యాహ్నం సైనికుడాయన వచ్చాడు. గడువు సంగతి ఆయనకు తెలుసు. ఒక్కసారి చివరగా చూద్దాం పదమని, ఖాళీ డబ్బా మూతలు ఏరి గోతాంలో వేసుకున్నాడు. నాయన కూడా వస్తానన్నారు. నా భుజం పట్టుకుని కొండవాలుకు నడిచారు. గాలికి దుమ్ము రేగుతోంది. తమ్ముడు అద్దాలు పెట్టుకుని తుడవబోయి ఆగాడు.

"అమ్మ పెట్టిన బొట్టు. ఉద్వాసన కాకుండా తుడవకూడదు గదా, అన్నా," అన్నాడు.

కూడదన్నాను. మరునాడు ఉద్వాసన చెప్పేదాకా పూజలో పెట్టిన బొట్టు చెరపడం మా ఇంట లేదు. అడ్డంగా ఉందా అని అడిగాను. అడ్డంగానే ఉందన్నాడు, అయినా అలాగే నిలబడ్డాడు.

సైనికుడాయన పక్కనుంచి మొదటి మూతను ఎడమనుంచి కుడికి విసిరాడు. తమ్ముడు ఎన్నడూ కొట్టలేని దిక్కు అది. తుపాకి పేలింది. రేకు మీద గుండ్లు పడిన గలగల వినిపించింది. నాయన తల పక్కకు వంచి ఆ మోత దిగిపోయేదాకా విన్నారు.

"ఇంకోటి వెయ్యమను," అన్నారు.

ఇంకోటి వేశాడు. అదీ మోగింది. ఆ తర్వాతది తప్పింది. దాని తర్వాతది ముక్కలై రాలింది. సైనికుడాయన గోతాం కింద పడేసి, తమ్ముని ముఖం దగ్గరికి ముఖం పెట్టి ఆ అద్దాలను పరీక్షగా చూశాడు. తర్వాత ఆయన నవ్విన నవ్వుకు చెరకులోనుంచి మైనాలు లేచిపోయాయి. మీ అమ్మ సర్దారు కంటికి బురఖా వేసింది రా అన్నాడు. రెండు కన్నులూ తెరిచే ఉన్నాయి. దూరమూ వేగమూ తెలుస్తూనే ఉన్నాయి. చెంప కొయ్యకు ఆనినప్పుడు మాత్రం ఎడమ కంటికి ఇత్తడి గింజ కనబడకుండా బొట్టు అడ్డు నిలిచింది. విధి లేక కుడి కన్ను పెత్తనం పుచ్చుకుంది.

ఇంటికి రాగానే అమ్మకు సంగతి చెబితే ఆమె ఏమీ ఆశ్చర్యపడలేదు. బొట్టు పెట్టేది అందుకేనంది.

ఠాణా ప్రయాణం ఆగింది. అయితే చందనం ఎండి పెళ్లలుగా రాలేది, చెమటకు జారేది. నేను నాడీ పట్టణపు మందుల షాపులో గాయాలకు అంటించే పలుచని పట్టీ కొని తెచ్చాను. చిటికెన గోరంత ముక్క చించి, తుపాకి ఎత్తి పట్టుకున్న తమ్మునికి ఎదురుగా నిలబడి, ఎక్కడ అంటిస్తే గింజ మాయమౌతుందో అతడు చెబుతుండగా అంటించాను. తూటాలు లేకుండా, అద్దం ముందు తుపాకిని భుజానికి ఎత్తడం దించడం అతడు రోజూ అభ్యసించాడు. వర్షాకాలం గడిచేసరికి ఆ పట్టీ ముక్క సగానికి తగ్గినా గురి చెడలేదు. సర్దారు దారికి వచ్చాడని సైనికుడాయన అనేవాడు.

ఒక తెల్లవారుజామున, వెలుతురు విచ్చుకుంటుండగా, కొండవాలునుంచి ఒకే ఒక పేలుడు వినిపించింది. నాయన వరండాలో కూర్చుని రెండో పేలుడు కోసం చెవి ఒగ్గారు. రెండోది రాలేదు. కాసేపటికి తమ్ముడు వచ్చి, పెద్ద మగపంది, ఎడమనుంచి కుడికి పోతున్నది, పడిపోయిందని చెప్పాడు. నాయన అతని చేయి తడిమి పట్టుకున్నారు.

"ఇప్పుడు రెండు గురులూ కుదిరాయి," అన్నారు.

పరిధావి నామ సంవత్సరంలో, అనగా 1972 గానుగ కాలంలో, కొండవాలు ముక్కలోని చెరకు కోతకు వచ్చి రాకిరాకి మిల్లుకు చేరింది. తుపాకి లైసెన్సు ఆ ఏడే తమ్ముని పేర మారింది.