డ్రమ్ములో బాగానే నడిచిన ఇంజన్

కొల్లాపూర్ దగ్గర కృష్ణలో మనుషుల్ని అవతలి ఒడ్డుకు దాటించే పడవ మాది. దాన్ని నడపాలని నాకు చిన్నప్పటి నుంచీ కోరిక. ఎవరికీ చెప్పలేదు. నలుగురిలో నోరు విప్పలేని పిల్ల పడవ నడుపుతానంటే నవ్వరూ?

మొన్నటి ఎండాకాలం ఇంజన్ మొండికేసింది. తాడు లాగితే అందుకునేది, గేరు వేయగానే ఆగిపోయేది. ఎలాగో నడిపించినా, ఒడ్డు చేరేటప్పుడు వేగం తగ్గిస్తే మళ్లీ అంతే. పడవ రేవు దాటి కొట్టుకుపోతుంటే నాయన గడకర్ర పట్టుకుని తంటాలు పడేవాడు.

"ఏందన్నా, నీ పడవకు మనుషులను జూస్తే సిగ్గా? నీ బిడ్డ లెక్కనే ఉన్నది!" అన్నాడొక మామిడికాయల వ్యాపారి. పడవంతా నవ్వింది. నాయన కూడా నవ్వాడు.

మిస్త్రీ వచ్చాడు. మా దగ్గర ఇంజన్ బాగుచేయడమంటే, పడవ నుంచి ఊడదీసి నీళ్ల డ్రమ్ములో నిలబెట్టి నడపడమే. ఇంజన్ కింద తిరిగే రెక్కలు నీళ్లన్నీ చిమ్మేస్తాయని గేరు మాత్రం వేయరు. ప్లగ్గు తుడిచాడు, కార్బురేటర్ కడిగాడు, ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పటి వేగం సరిచేసే ఐడిల్ స్క్రూ తిప్పాడు. ఇంజన్ మెత్తగా గురగురలాడింది.

"పిల్లి లెక్క ఉన్నది సూడు" అన్నాడు.

నదిలో గేరు వేస్తే మళ్లీ చచ్చింది. మళ్లీ డ్రమ్ము. ఈసారి స్క్రూ బాగా బిగించి వేగం పెంచాడు. గేరు వేయగానే పడవ ఎగిరి దూకింది. ఒక అవ్వ గంపతో సహా వెనక్కి పడింది.

రేవు మెట్ల మీద పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఇదంతా వింటూనే ఉన్నాను. డ్రమ్ములో ఇంజన్‌కు మోయడానికి ఏమీ లేదు. పడవ బరువు మీద పడ్డాకే కదా దాని సత్తువ తెలిసేది.

జనం వెళ్లాక నాయనతో అన్నాను: "నాయనా, పడవను తాళ్లతో కట్టేసి, గేరుల ఉన్నప్పుడే స్క్రూ తిప్పి సూద్దాం."

"మిస్త్రీకి తెల్వనిది నీకు తెల్సా?" అన్నాడు. మళ్లీ తనే, విసుగ్గానే, "సరే తియ్యి. ఇది నిలబడ్డదంటే రేపటిసంది హ్యాండిల్ నువ్వే పట్టు" అన్నాడు.

ఆ మాట నేను నమ్మాను.

పడవను గుంజకు బిగించాం. ఇంజన్ వేడెక్కేదాకా నడిపి, నాయన ముందుకు గేరు వేశాడు. చప్పుడు కుంగింది. ఆగిపోయేలోపు స్క్రూ కొద్దిగా తిప్పాను. దగ్గింది, నిలబడింది. గేరు తీయించి మళ్లీ వేయించాను. అదరలేదు, ఆగలేదు.

మరునాడు రేవులో ఎవరో నాయనను అడిగారు: "మంచిగైంది గదన్నా, ఎవరు జేసిండ్రు?"

"మిస్త్రీయే. ఆఖరికి దొరకవట్టిండు" అన్నాడు నాయన, నా వైపు చూడకుండా. పాన్‌గల్‌లో పని వదిలేసి వచ్చిన మా అన్న అప్పటికే హ్యాండిల్ దగ్గర కూర్చుని ఉన్నాడు.

అన్నం తినేటప్పుడు నాయన మెల్లగా అన్నాడు: "ఆడపిల్ల ముట్టిన ఇంజనంటే ఎవడెక్కుతడు బిడ్డా? జర సమజ్ జేస్కో." అమ్మ నా కంచంలో అడగకుండానే ఇంకాస్త కూర వేసింది.

ఇప్పుడు అవతలికి పోవాలంటే జనంలోనే కూర్చుంటాను. నిన్న రేవు దగ్గర అన్న వేగం తగ్గించాడు. ఇంజన్ కుంగి, నేను పెట్టిన చోటనే నిలదొక్కుకుంది.

"మీ అన్న చెయ్యి మంచిది పిల్లా" అంది పక్కనున్నామె.

తల ఊపాను. ఆ ఇంజన్ ఒక్కసారి ఆగిపోతే బాగుండుననిపించింది.